బల్ల మీద నుంచి లేచాక

ఆపరేషన్ లేకుండా, మందులు లేకుండా డిస్కు సమస్య తగ్గిస్తామన్న బోర్డులు ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ దాటి చిన్న పట్టణాలకూ వచ్చాయి. బోర్డు మీద ఒక మోటారు బల్ల, దాని మీద ఛాతీకీ నడుముకీ బెల్టులు కట్టుకుని పడుకున్న మనిషి. దీన్నే స్పైనల్ డీకంప్రెషన్ అంటున్నారు. యంత్రం నడుమును మెల్లగా లాగుతుంది, కాసేపు పట్టి ఉంచుతుంది, వదులుతుంది, మళ్లీ లాగుతుంది. అరగంట నుంచి ముప్పావుగంట ఒక సిట్టింగ్. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఇరవైకి పైగా సిట్టింగులు. డబ్బు చాలాచోట్ల ప్యాకేజీగా ముందే కట్టించుకుంటారు.

కాలు లాగేస్తూ రాత్రుళ్లు నిద్రపట్టని మనిషి ఆ బోర్డు ముందు ఆగుతాడు. ఆగడం న్యాయమే. అతనికి ఏం చెప్పాలన్నదాని మీద ఇద్దరు ఫిజియోథెరపిస్టుల మధ్య మాటగా ఇది రాస్తున్నాను. ఒకరు ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడు. మరొకరు ఆయన దగ్గర చదువుకుని, గుంటూరులో సొంత క్లినిక్ పెట్టుకుని, అప్పు చేసి ఆ బల్ల కొన్న శిష్యురాలు. ఇద్దరూ రోగి మేలు కోరేవాళ్లే. నా మొగ్గు ఎటో దాచను, కానీ ఆమె అడిగిన వాటిలో కొన్నింటికి నా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు.

శిష్యురాలు: బల్ల చూడకుండానే తీర్పు చెప్పకండి మాస్టారూ. డిస్కు అంటే ఏమిటో నాకు నేర్పింది మీరే. బయట గట్టి పీచు వలయాలు, లోపల మెత్తటి గుజ్జు. ఆ వలయాలు బలహీనపడి డిస్కు అంచు బయటికి ఉబ్బితే బల్జ్. ఎక్కువగా నడుం కింది పూసల మధ్య, ఎల్ ఫోర్-ఎల్ ఫైవ్ దగ్గరో, ఎల్ ఫైవ్-ఎస్ వన్ దగ్గరో వస్తుంది. అది నరాన్ని తాకితే నొప్పి పిరుదు నుంచి పిక్క దాకా దిగుతుంది. ఒత్తిడి వల్ల వచ్చిన బాధకి ఒత్తిడి తీసేయడమే వైద్యం. ఇందులో తప్పేముంది?

మాస్టారు: చెప్పడానికి చక్కగా ఉంది. ఒత్తిడి నిజంగా తగ్గుతుందా?

శిష్యురాలు: తగ్గుతుంది. 1994లో రామోస్, మార్టిన్ కొలిచి చూపించారు. వ్యాక్స్-డి అనే డీకంప్రెషన్ బల్ల మీద రోగిని పడుకోబెట్టి, ఎల్ ఫోర్-ఎల్ ఫైవ్ డిస్కులోకే సన్నటి గొట్టం దించి చూశారు. లాగుతున్నప్పుడు లోపలి ఒత్తిడి సున్నాకి దిగువన, మైనస్ 100 మిల్లీమీటర్ల మెర్క్యురీ కన్నా కిందికి పోయింది. జర్నల్ ఆఫ్ న్యూరోసర్జరీలో వచ్చిన పేపరు అది. లోపల ఒత్తిడి అంత పడిపోతే ఉబ్బిన భాగం లోపలికి లాక్కోబడుతుంది.

మాస్టారు: నువ్వు చెప్పినదాంట్లో మొదటి సగం కొలత, రెండో సగం ఊహ. కొలిచింది కొద్దిమందిలోనే అయినా ఒత్తిడి పడిందన్నది నేను కాదనను. ఉబ్బు లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయిందని మాత్రం వాళ్లు కొలవలేదు. రోగి బల్ల మీద నుంచి లేస్తాడు కదమ్మా. లేచి నిలబడగానే పై శరీరం బరువంతా మళ్లీ అదే డిస్కు మీద పడుతుంది. 1960లలో స్వీడన్‌లో నాకెమ్సన్ బతికున్న మనుషుల డిస్కుల్లో సూది పెట్టి కొలిచాడు. పడుకుంటే ఒత్తిడి అతి తక్కువ, నిలబడితే ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ. నీ రోగి అరగంట బల్ల మీద ఉండి, ఆటోలో నడుం వంచి కూర్చుని ఇంటికి వెళ్తాడు.

శిష్యురాలు: అందుకేగా ఒక్క సిట్టింగ్‌తో ఆపం.

మాస్టారు: రోజూ రాత్రి ఏడెనిమిది గంటలు పడుకుంటాం. ఆ సమయంలో డిస్కులు నీరు పీల్చుకుంటాయి. పొద్దున లేచేసరికి మనిషి ఒక సెంటీమీటరో అంతకన్నా కొంచెం ఎక్కువో పొడవు పెరిగి ఉంటాడు, సాయంత్రానికి మళ్లీ తగ్గుతాడు. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ డిస్కు మీద బరువు తీసేస్తున్నా లోపలికి వెళ్లని ఉబ్బు, పగలు అరగంట లాగితే వెళ్లిపోతుందనడానికి గట్టి రుజువు కావాలి.

శిష్యురాలు: పడుకోవడం వేరు, లాగడం వేరు. మన కాలేజీ ఆసుపత్రిలో మంచం చివర తూకాలు వేలాడదీసిన ట్రాక్షన్ కాదిది. అందులో లాగే బలం చాలావరకు ఒంటికీ పరుపుకీ మధ్య రాపిడికే పోయేది. శరీర బరువులో దాదాపు నాలుగో వంతు బలం ఆ రాపిడిని దాటడానికే పోతుందని క్లాసులో మీరే లెక్క వేసి చూపించారు. పైగా ఒక్కసారిగా లాగితే నడుం కండరాలు బిగుసుకుని ఎదురు తిరుగుతాయి. నా బల్ల నడుం దగ్గర రెండు భాగాలుగా విడుతుంది కాబట్టి రాపిడి దాదాపు ఉండదు. బలం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. చాలామంది బల్ల మీదే నిద్రపోతారు మాస్టారూ. నెలల తరబడి నిద్రలేని వాళ్లు.

మాస్టారు: ఆ నిద్రను నేను తక్కువ చేయను. లాగి నయం చేయాలన్న ఆలోచన మాత్రం హిప్పోక్రటిస్ నాటిది. ఆయన బల్లకి తాళ్లూ, తాళ్లు చుట్టి బిగించే ఇరుసులూ ఉండేవి. నీ బల్లకి మోటారూ, తెరా ఉన్నాయి. ఇంజినీరింగ్ మెరుగైందని ఒప్పుకుంటాను. రోగి మెరుగయ్యాడా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు బల్ల ఎక్కినవాళ్లను మాత్రమే చూస్తే తేలదు. ఎక్కనివాళ్లు ఆ ఆరు వారాల్లో ఎలా ఉన్నారో కూడా చూడాలి.

శిష్యురాలు: చూశారు. 1998లో 778 మంది రోగుల రికార్డులు తీసి, 71 శాతం మందికి మేలైందని రాశారు. అందులో పోలిక లేదంటారు, సరే. 2001లో పోలికతోనే చేశారు. 44 మందిలో కొందరికి వ్యాక్స్-డి, మిగతావాళ్లకి చర్మం మీద పెట్టే టెన్స్ కరెంటు. బల్ల ఎక్కినవాళ్లలో 68 శాతం మందికి బాగైంది. టెన్స్ వాళ్లలో ఒక్కరికీ కాలేదు.

మాస్టారు: ఆ ఒక్కరికీ కాలేదన్నదే నాకు మింగుడుపడదు. ఇరవై మంది నడుం నొప్పి రోగులకి ఉత్త పిండి బిళ్ల ఇచ్చినా ఒకరిద్దరు తేలికపడ్డామంటారు. పోల్చే గుంపులో సున్నా వచ్చిందంటే ముందు ఆ పోలికనే అనుమానించాలి. ఇక రికార్డుల లెక్క. డిస్కు వల్ల కొత్తగా వచ్చిన కాలి నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మీ ప్యాకేజీ కూడా సరిగ్గా ఆ వారాల్లోనే నడుస్తుంది. తొలకరి పడ్డ వారంలో బోరు వేయించి, ఆ బోరు నీళ్లకే చేను పచ్చబడిందని చెప్పడం కదా ఇది?

శిష్యురాలు: అందరూ కొత్త రోగులు కారు. రెండేళ్లూ మూడేళ్లూ బాధ పడి పడి వచ్చేవాళ్లున్నారు.

మాస్టారు: ఉన్నారు. వాళ్లు కూడా మామూలుగా ఉన్న రోజున రారు, నొప్పి బాగా రేగిన వారంలో వస్తారు. రేగిన నొప్పి కొన్నాళ్లకి మళ్లీ తన పాత మట్టానికి దిగుతుంది. ఆ దిగడం మీ బల్ల ఖాతాలో పడుతుంది. అందుకే ఉత్తుత్తి లాగుడుతో పోల్చాలంటాను. నెదర్లాండ్స్‌లో ఆ పని చేశారు. 1995లో వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చింది. 151 మంది. ఒక గుంపుని శరీర బరువులో 35 నుంచి 50 శాతం బలంతో లాగారు. రెండో గుంపుకి బలం 20 శాతం దాటనివ్వలేదు. ఎవరు ఏ గుంపో రోగులకి తెలియదు. రెండింట్లోనూ ఒకేలా తగ్గింది. అది పాత ట్రాక్షనేలే అంటావని తెలుసు. 2009లో అదే దేశంలో నీ తరహా కంప్యూటర్ బల్లతోనే 60 మంది మీద చేశారు. నడుం నొప్పీ తగ్గింది, కాలి నొప్పీ తగ్గింది. అసలు గుంపుకీ ఉత్తుత్తి గుంపుకీ తేడా కనబడలేదు.

శిష్యురాలు: రెండు గుంపుల్లోనూ తగ్గిందంటే నాకు అర్థమయ్యేది వేరు. ఉత్తుత్తి గుంపుని కూడా బెల్టు కట్టి పడుకోబెట్టారు, కొంచెం లాగారు. ఆ కొంచెమే పనిచేసిందేమో!

మాస్టారు: అలాగే అనుకుందాం. ఆ కొంచానికి లక్షలు పోసి యంత్రం ఎందుకు?

దీనికి ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న ఆమె బ్యాంకు వాయిదా దాకా వెళ్తుందని ఇద్దరికీ తెలుసు.

శిష్యురాలు: స్కాన్ మాటేమిటి? 2010లో 30 మందికి ఆరు వారాలు డీకంప్రెషన్ ఇచ్చి, ముందూ తర్వాతా సీటీ తీశారు. డిస్కు ఎత్తు సగటున 7.5 మిల్లీమీటర్ల నుంచి 8.8కి పెరిగింది. నొప్పి కూడా బాగా తగ్గింది. 2022లో పాకిస్తాన్‌లో 60 మందిని రెండుగా విడదీసి, సగం మందికి మామూలు ఫిజియోథెరపీ, సగం మందికి దానితో పాటు డీకంప్రెషన్ ఇచ్చారు. బల్ల కలిపిన గుంపు నొప్పిలోనూ కదలికలోనూ మెరుగ్గా ఉంది. మీ డచ్ పరీక్షలు లెక్కలోకి వస్తే ఇవి ఎందుకు రావు?

మాస్టారు: వస్తాయి. 2010 దానిలో పోల్చే గుంపే లేదు కాబట్టి అది ఒక సూచన, అంతకు మించి కాదు. 2022 దాన్ని పక్కన పెట్టను, శ్రమపడి చేశారు. కానీ అక్కడ బల్ల ఎక్కినవాడికి తాను ఎక్కానని తెలుసు. అదనపు సమయం, అదనపు ఆశ అన్నీ ఒకవైపే పడ్డాయి. ఉత్తుత్తి బల్ల పెట్టినప్పుడల్లా ఆ తేడా కరిగిపోతోంది. 2013లో వైద్య పరీక్షల్ని సమీక్షించే కాక్రేన్ వాళ్లు 32 పరీక్షలు, 2762 మంది ఫలితాలు ఒకచోట చేర్చి చూశారు. ట్రాక్షన్ విడిగా ఇచ్చినా, వేరే వైద్యంతో కలిపి ఇచ్చినా నొప్పి మీదా, పనికి తిరిగి వెళ్లడం మీదా ప్రభావం దాదాపు లేదన్నారు. 2016లో వైద్య మార్గదర్శకాలు రాసే బ్రిటన్ నైస్ సంస్థ నడుం నొప్పికీ, నరం వల్ల కాలికి దిగే నొప్పి సయాటికాకీ ట్రాక్షన్ ఇవ్వవద్దని రాసింది. అమెరికాలో ప్రభుత్వ బీమా మెడికేర్ వ్యాక్స్-డికి డబ్బు చెల్లించదు.

శిష్యురాలు: ఆ 32 పరీక్షల్లో అన్నిరకాల నడుం నొప్పుల్నీ కలిపేశారు. కండరం పట్టేసినవాడూ, నరం నొక్కుకున్నవాడూ ఒకే లెక్కలో ఉంటే సగటు ఏం చెబుతుంది? నేను వచ్చినవాళ్లందరినీ బల్ల ఎక్కించను. కాలికి నొప్పి దిగుతున్నవాళ్లని, పరీక్ష చేసి, ఎంచుకుని ఎక్కిస్తాను. సరైన రోగికి పనిచేస్తుందన్నది నా వాదన.

మాస్టారు: నీ వాదనల్లో బలమైనది ఇదే. ఇదే ప్రశ్న అమెరికాలో జూలీ ఫ్రిట్జ్ అనే ఫిజియోథెరపిస్టు, ఆమె తోటివాళ్లూ అడిగారు. 2007లో 64 మంది మీద చూస్తే రెండు వారాలకి ట్రాక్షన్ గుంపు మెరుగ్గా ఉంది, ఆరు వారాలకి ఆ తేడా పోయింది. అయితే ఒక చిన్న గుంపు కనబడింది. వెనక్కి వంగితే నొప్పి కాలి కిందికి దిగేవాళ్లు, నొప్పి లేని కాలు ఎత్తినా రెండో కాలు లాగేవాళ్లు. వీళ్లకి ట్రాక్షన్ బాగా పనిచేసినట్టు అనిపించింది. బల్లలు అమ్మేవాడైతే అక్కడే ఆగి బోర్డు రాయించేవాడు. వాళ్లు ఆగలేదు. నరం నొక్కుకున్న 120 మందిని తీసుకుని, తమ ఊహనే మళ్లీ పరీక్షకి పెట్టారు. 2016లో ఫలితం వచ్చింది. ఆ లక్షణాలున్నవాళ్లకి కూడా ట్రాక్షన్ వల్ల అదనంగా ఒరిగింది లేదని వాళ్లే రాశారు.

నొప్పి వైద్యాల చరిత్రలో ఇలాంటివి అరుదు. సొంత ఆశను సొంత చేత్తో పరీక్షించి, ఓడిందని అచ్చు వేయించినవాళ్ల మాటని, ప్రతి రోగి పక్కనా నవ్వుతూ ఫొటో దిగేవాళ్ల మాట కన్నా ఎక్కువ నమ్ముతాను. శిష్యురాలికి కూడా ఈ పేపరు తగిలింది. ఆమె వాదన మార్చలేదు గానీ, ఇక్కడి నుంచి ఆమె మాట్లాడింది బల్ల గురించి తక్కువ, మనుషుల గురించి ఎక్కువ.

శిష్యురాలు: అయితే ఎమ్మారై ఫిల్ము పట్టుకుని వచ్చి ఏడ్చే మనిషికి ఏం చెప్పమంటారు? రిపోర్టులో మూడు డిస్కులు ఉబ్బాయని ఉంటుంది. వెన్ను అరిగిపోయింది, ఇక బరువు ఎత్తకూడదు, నేల మీద కూర్చోకూడదు అని ఎవరో చెప్పి ఉంటారు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి ముసలివాడిలా గోడ పట్టుకుని నడుస్తుంటాడు. వాడికి మీ కాక్రేన్ చదివి వినిపించనా?

మాస్టారు: వాడికి వేరే లెక్క చెప్పు. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. 52 శాతం మందికి కనీసం ఒక డిస్కులో బల్జ్ ఉంది. అన్ని డిస్కులూ సరిగ్గా ఉన్నవాళ్లు 36 శాతమే. 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నొప్పే ఎరగని ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం, యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి బల్జ్ ఉంది. నొప్పి లేనివాళ్లమ్మా వీళ్లంతా! ఫిల్ములో బల్జ్ కనబడగానే ఆ నొప్పికి అదే కారణమని తేలిపోయినట్టు కాదు. కాలి నొప్పి దారీ, తిమ్మిరీ, పాదం బలమూ ఫిల్ముతో సరిపోలాలి.

శిష్యురాలు: కారణమైనప్పుడు? డిస్కు నిజంగానే నరం మీద ఉన్నప్పుడు?

మాస్టారు: అప్పుడు కూడా ఉబ్బు పరిమాణం నొప్పిని శాసించదు. 2013లో ఒక డచ్ బృందం సయాటికా వచ్చిన ఏడాది తర్వాత మళ్లీ ఎమ్మారై తీసింది. బాగైనవాళ్లలో 35 శాతం మందికి డిస్కు ఇంకా బయటే ఉంది. బాగుకానివాళ్లలో 33 శాతం మందికి. ఫిల్ము చూసి ఎవరు కోలుకున్నారో చెప్పలేం. ఇంకొకటి విను, ఇది చాలామందికి తెలియదు. పూర్తిగా తెగి బయటపడిన డిస్కు ముక్కను ఒళ్లు తానే కరిగించేసుకునే అవకాశం చాలా ఎక్కువ. 2015లో వేసిన లెక్కలో అలాంటివి 96 శాతం తగ్గిపోయాయి, మామూలు బల్జులు 13 శాతమే. బల్జ్ అలాగే ఉంటుంది, నొప్పి పోతుంది. నరం చుట్టూ రేగిన వాపు చల్లారుతుంది, మనిషి కదలడం మొదలుపెడతాడు. అలాంటప్పుడు డిస్కుని లోపలికి తోస్తామన్న హామీ వల్ల నష్టమే ఎక్కువ. లోపలికి వెళ్లలేదని తెలిసినరోజు వాడు మళ్లీ కుంగిపోతాడు.

శిష్యురాలు: ఆ హామీ నేనివ్వను. కొన్ని క్లినిక్కులు వేసే అంతరిక్షం బొమ్మలు కూడా నా బోర్డు మీద లేవు.

మాస్టారు: మంచిపని చేశావు. వ్యోమగాములకి బరువు లేనిచోట వెన్ను అయిదు సెంటీమీటర్ల దాకా సాగే మాట నిజం. వాళ్లకి అక్కడ నడుం నొప్పి వస్తుందన్నదీ, భూమికి తిరిగొచ్చాక డిస్కు జారే ప్రమాదం మామూలువాళ్ల కన్నా నాలుగు రెట్లకు పైగా ఉందన్నదీ నిజమే. ఆ బొమ్మ వేసేవాళ్లు ఈ సంగతి వేయరు.

శిష్యురాలు: ఇప్పుడు నా ప్రశ్న. మా క్లినిక్‌కి మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే హమాలీ వస్తాడు. మంగళగిరిలో గుంట మగ్గం మీద రోజంతా ముందుకు వంగి కూర్చునే నేతగాడు వస్తాడు. పన్నెండు వారాలు ఓపిక పట్టు, తగ్గుతుంది అంటే వాళ్లకి ఇల్లు గడవదు. ఒకవైపు కడుపు మండించే నొప్పి బిళ్లలు, ఇంకోవైపు ఆపరేషన్. మధ్యలో ఏదో ఒకటి చేసే మనిషి కావాలి. ఆ మధ్యలో నేనున్నాను.

మాస్టారు: ఉండాలి. ఆ హమాలీ ఇరవై సార్లు నీ దగ్గరకి రావడానికి ఎన్ని పూటల కూలి పోతుందో లెక్క వేశావా? దానిపైన ప్యాకేజీ. బల్లకి ఉత్తుత్తి బల్ల కన్నా ఎక్కువ ఫలితం లేనప్పుడు ఆ పూటలన్నీ మనం తీసుకున్నవే. ఆపరేషన్ భయం ఉందంటావు. 2007లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండుగా చేశారు. ఒక సగానికి త్వరగా ఆపరేషన్, ఒక సగం ఆగి చూడటం. ఆపరేషన్ వాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లారు, అది కూడా చెప్పాలి. ఆపరేషన్ ఓటమి కాదు, ఆగడం పిరికితనం కాదు. ఇది రోగికి తెలిస్తే తన కూలిని బట్టీ, తన ఓర్పుని బట్టీ తానే ఎంచుకుంటాడు.

శిష్యురాలు: ఆగేవాళ్లకి నేను చేయగలిగింది?

మాస్టారు: నీకు వచ్చిన పనే. ఏ భంగిమలో కాలి నొప్పి నడుముకి వెనక్కి వస్తోందో చూసి ఆ కదలిక నేర్పడం. మంచం దింపి నడిపించడం. టిక్కీ ఎప్పటి నుంచి, ఎంత బరువు నుంచి మళ్లీ మొదలుపెట్టాలో చెప్పడం. నేతగాణ్ణి గంటకోసారి గుంటలోంచి లేపడం. 2024లో లాన్సెట్‌లో ఆస్ట్రేలియావాళ్ల పరీక్ష వచ్చింది. నడుం నొప్పి నుంచి కోలుకున్న 701 మందిలో సగం మందికి ఫిజియోథెరపిస్టు నడక పథకం వేసి ఇచ్చాడు. వాళ్లకి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకి 112. డిస్కు వల్లేనని తేలిన నొప్పులు కావవి, అంతకు మించి నేను సాగదీయను. కానీ ఏ యంత్రమూ లేకుండా ఫిజియో మాటకి వచ్చిన ఫలితమది.

శిష్యురాలు: మాస్టారూ, మీరు జీతం తీసుకుని పాఠం చెప్పారు. నేను అద్దె కట్టి వైద్యం చేస్తున్నాను. అరగంట కూర్చుని, కదలికలు నేర్పి, నడవమని చెబితే రోగి ఏమంటాడో తెలుసా? ఇంతేనా మేడమ్, కరెంటు పెట్టరా అంటాడు. మర్నాడు రాడు. కరెంటు పెట్టే ఇంకో క్లినిక్‌కి వెళ్తాడు. డాక్టరు రాసిన చీటీలో కూడా కరెంటు పేరూ ట్రాక్షన్ పేరూ ఉంటాయి గానీ నా ఆలోచన పేరు ఉండదు. ఈ ఊళ్లో మాటకి ఎవరూ డబ్బివ్వరు, యంత్రానికి ఇస్తారు. బల్ల కొన్నాక ఆరు వారాలు మనిషి నా దగ్గరకి వస్తున్నాడు. ఆ ఆరు వారాల్లో నడిపిస్తున్నాను, వంగడం నేర్పుతున్నాను, భయం పోగొడుతున్నాను. బల్ల లేకపోతే వాడు నా గుమ్మమే ఎక్కడు.

ఈ మాట విన్నాక నేను కాసేపు రాయలేకపోయాను. ఫిజియోథెరపిస్టుల క్లినిక్కులు యంత్రాలతో నిండటానికి వాళ్ల ఆశ ఒక్కటే కారణం కాదు. చేతినీ, చూపునీ, సమయాన్నీ కొనడం మనం నేర్చుకోలేదు. తెర మీద గీతలు కదిలితేనే వైద్యం జరిగిందనుకునే రోగులం మనమే.

మాస్టారు: నువ్వు చెప్పింది నిజం. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ ఇందాకటి నుంచి నువ్వు బల్ల డిస్కుని బాగుచేస్తుందన్నావు. ఇప్పుడు బల్ల మనిషిని నీ దగ్గరకి రప్పిస్తుందంటున్నావు. రెండో మాట నేను నమ్ముతాను. వాడు డబ్బు కట్టింది మాత్రం మొదటి మాటకి.

శిష్యురాలు: వాడికి తగ్గితే ఏ మాటకి కట్టాడన్నది అంత ముఖ్యమా?

మాస్టారు: ముఖ్యమే. తగ్గకపోతే వాడు ఇంకో ఇరవై సిట్టింగులకి అప్పు చేస్తాడు. తగ్గి మళ్లీ తిరగబెడితే తన నడకని కాదు, నీ బల్లని వెతుక్కుంటూ వస్తాడు. నువ్వు నేర్పిన విద్య కూడా బల్ల మహిమగానే మిగిలిపోతుంది.

శిష్యురాలు: హాని లేదు కదా అనుకున్నాను ఇన్నాళ్లూ.

మాస్టారు: చాలామందికి లేదు. కొందరికి ఉంది. 2003లో మేయో క్లినిక్ డాక్టర్లు ఒక రోగి గురించి రాశారు. వ్యాక్స్-డి బల్ల మీద ఉండగానే డిస్కు ఉబ్బు ఒక్కసారిగా పెరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఎముకలు గుల్లబారినవాళ్లనీ, వెన్నుపూస విరిగినవాళ్లనీ, గర్భిణుల్నీ, వెన్నులో స్క్రూలున్నవాళ్లనీ, వెన్నులో గడ్డో ఇన్ఫెక్షనో ఉన్నవాళ్లనీ, పొత్తికడుపులో ప్రధాన రక్తనాళం ఉబ్బినవాళ్లనీ లాగకూడదు. అంతకన్నా పెద్ద హాని ఆలస్యం. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ పోయినా, రెండు కాళ్లూ బలం తప్పుతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. గంటలు కూడా లెక్కే. పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే కూడా సిట్టింగుల లెక్క చూసుకుంటూ కూర్చోకూడదు.

శిష్యురాలు: అది మొదటి రోజే అడుగుతాను. ప్రతి సిట్టింగ్‌కి ముందూ అడుగుతాను.

మాస్టారు: మరి మిగతాది కూడా మొదటి రోజే చెప్పు. ఒక కాగితం రాసి గోడకి పెట్టు. ఈ బల్ల వల్ల డిస్కు లోపలికి వెళ్లదు అని.

శిష్యురాలు: వెళ్లదని కూడా ఎవరూ రుజువు చేయలేదు. వెళ్తుందని రుజువు లేదు అని రాస్తాను.

మాస్టారు: సరే, అదే సరైన మాట. ఉత్తుత్తిగా లాగినవాళ్లకి కూడా ఇంతే తగ్గిందని రాయి.

శిష్యురాలు: రాస్తాను. కానీ ఇంకో వాక్యం కూడా ఉంటుంది. కొందరికి బల్ల మీద ఉన్నంతసేపు కాలి లాగుడు తగ్గి ప్రాణం తెరిపిన పడుతుంది. అది నేను రోజూ కళ్లారా చూస్తున్నది, మీ కాక్రేన్ దాన్ని కాదనలేదు.

మాస్టారు: ఉంచు. డబ్బు?

శిష్యురాలు: ప్యాకేజీ తీసేస్తాను. ఏ రోజు సిట్టింగ్‌కి ఆ రోజే. ఆరు సిట్టింగులకి తేడా లేకపోతే నేనే ఆపేస్తాను. కదలికలు నేర్పడానికి విడిగా ఫీజు పెడతాను, పట్టికలో బల్ల కన్నా పై వరుసలో రాస్తాను. ఎంతమంది కడతారో చూడాలి.

మాస్టారు: మొదటి నెల తక్కువమందే కడతారు.

శిష్యురాలు: అప్పు వాయిదా మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి మాస్టారూ. మీకు తెలిసిన ఆర్థోపెడిక్ డాక్టర్లకి ఫోన్ చేసి, చీటీలో ట్రాక్షన్ బదులు ఎక్సర్‌సైజ్ అని రాయమని మీరు చెప్పండి.

మాస్టారు: రేపు పొద్దున చేస్తాను. ఆ కాగితం రాశాక వాళ్లకి చూపించడానికి నాకొక కాపీ పంపు.